జేబురుమాలు వేసిన లోయ

నరసరావుపేట బస్టాండులో పెరిగినవాడికి ఒక విద్య ఉగ్గుపాలతోనే వస్తుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి జేబురుమాలు విసిరి సీటు పట్టెయ్యడం. భానుప్రసాద్ ఆస్ట్రేలియా వెళ్ళి మెల్‌బోర్న్ శివార్లలోని వెర్రిబీలో ఇల్లు కొన్నాడు, ఆస్పత్రిలో ఎక్స్‌రే విభాగానికి పెద్దయ్యాడు, తుపాకీ లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు గానీ, ఆ విద్య మాత్రం మరిచిపోలేదు.

రెండేళ్ళుగా దుప్పి వేటకు పోతున్నాడు. ఎనిమిదిసార్లు కొండలకు వెళ్ళి ఎనిమిదిసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఈసారి బయల్దేరుతుంటే భార్య వసుంధర "ఫ్రీజర్‌లో చోటు చెయ్యమంటారా, లేక ఎప్పటిలాగే చికెన్ తెప్పించమంటారా?" అని అడిగింది. ఆ మాట మూడు గంటల ప్రయాణమంతా ఆయన చెవిలో జోరీగలా తిరిగింది.

అక్కడి చలికాలంలో, జూన్ లాంగ్ వీకెండ్ వచ్చిందంటే మెల్‌బోర్న్‌లో ఉన్న వేటగాళ్ళంతా ఆ కొండల్లోనే తేలతారు. ప్రభుత్వ అడవి, అందరిదీ. అందుకే వాళ్ళలో వాళ్ళకొక కట్టుబాటుంది. లోయ మొదట్లో కారు ఆగి ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. ఎటు వెళ్ళాడో, ఎన్నింటికి వస్తాడో అద్దం మీద చీటీ ఉంటుంది. తర్వాత వచ్చినవాడు అది చదువుకుని, ఇంకో లోయ చూసుకుంటాడు.

ఈ కట్టుబాటు విన్న రోజే భానుప్రసాద్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇది మన జేబురుమాలే కదా!

శుక్రవారం మధ్యాహ్నమే మూడో వాగు లోయ దగ్గర కారు పెట్టాడు. 'ఈ లోయలో వేటాడుతున్నాను. సాయంత్రం ఆరింటికి పైకి వస్తాను. భాను' అని ఇంగ్లీషులో రాసి వైపర్ కింద దోపాడు. తుపాకీ పెట్టె తీసుకుని, వెనకాల ఇంకో కారులో వచ్చిన బామ్మర్ది కిట్టు పక్కన కూర్చున్నాడు.

"బావా, లోపల ఎవరూ లేకుండా ఇట్లా పెట్టొచ్చంటావా?"

"కార్ ఉంది, నోట్ ఉంది. రూల్ ఫాలో అయినట్టే కదరా. బండి పోనీ, మోటెల్‌లో హీటర్ ఉందట."

తెల్లారి మంచు పట్టిన దారిలో వాళ్ళు తిరిగొచ్చేసరికి ఏడున్నర దాటింది. భానుప్రసాద్ కారు పక్కన పాత బండి ఒకటి ఆగి ఉంది. వైపర్ కింద తన చీటీతో పాటు ఇంకో కాగితం ఉంది.

'భాను, నువ్వు ఆరింటికి రాలేదు. రాత్రంతా గంటకోసారి కేకేశాను. ఇక్కడ ఫోన్ అందదు. వెలుగు రాగానే నీ కోసం దిగుతున్నాను. నువ్వే పైకొస్తే మూడుసార్లు హారన్ కొట్టు. యోగేంద్ర.'

భానుప్రసాద్‌కి ఆ కాగితం రెండుసార్లు చదివితేగానీ అర్థం కాలేదు. సీటు మీద వేసిన జేబురుమాలు కోసం ఎవరూ రాత్రంతా మేలుకోరు. ఈ చీటీ చోటు పట్టుకోవడానికి కాదనీ, మనిషి తిరిగి రాకపోతే వెతకడానికనీ ఆయనకి అప్పటిదాకా తట్టలేదు.

కాగితం చదివిన కిట్టు గొంతు తగ్గించాడు. "హారన్ కొట్టకు బావా. లోయలో ఉన్న దుప్పులన్నీ పరారవుతాయి. మెల్లగా దిగి, ఆయన కనిపిస్తే దారి తప్పానని చెప్పు. వేటా దక్కుతుంది, పరువూ దక్కుతుంది."

సిగ్గులేని మాటే గానీ, భానుప్రసాద్ మనసు అర నిమిషం దాని వెంట పోయింది. పోలేదంటే అబద్ధం. తర్వాత కారు తలుపు తీసి మూడుసార్లు గట్టిగా హారన్ కొట్టాడు. కింద ఎక్కడో కొమ్మలు ఫెళఫెళమని విరిగాయి. ఏదో పెద్ద జంతువు అవతలి గట్టెక్కి పోయిన చప్పుడు.

ఇరవై నిమిషాలకి డెబ్బై ఏళ్ళ మనిషి కర్ర మీద బరువు మోపుతూ పైకొచ్చాడు. నారింజ రంగు కోటు, భుజాన తాడు, చేతిలో ఫ్లాస్కు. తుపాకీ లేదు. వీళ్ళ మాటలు చెవిన పడి తెలుగులోనే అడిగాడు.

"నువ్వేనా భాను? దెబ్బ తగిలిందా? తాగు, ముందు టీ తాగు."

ఆ తెలుగు ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళ నోట నాలుగు తరాలు నలిగిన తెలుగు. మూతలో పోసిన టీ అందుకోవడానికి భానుప్రసాద్‌కి చెయ్యి రాలేదు.

"అంకుల్, నేను అసలు లోపలికే వెళ్ళలేదు. చోటు పోతుందని కారు పెట్టి, టౌన్‌లో మోటెల్‌లో పడుకున్నా. సారీ అంకుల్."

యోగేంద్ర టీ నేల మీద పారబోశాడు.

"మంగళవారం నాకు మోకాలు ఆపరేషన్. డాక్టర్ కొండ ఇంక వద్దు అన్నాడు. ఇదే లాస్ట్." కర్రతో లోయకేసి చూపించాడు. "ఒక పెద్ద దుప్పి ఉంది. మూడు ఏళ్ళు వెతికాను. ఇప్పుడు హారన్‌కి భయపడి నా ముందు నుంచి పోయింది. పది అడుగులు! తుపాకీ బండిలో ఉంది. మనిషిని వెతకడానికి తుపాకీ పట్టుకుని పోము."

భానుప్రసాద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్నప్పుడు నాన్న కొట్టినప్పుడు కూడా అంత సిగ్గు పడలేదు. అద్దం మీది చీటీ లాగి చించబోయాడు.

"చించకు," అన్నాడు యోగేంద్ర. "టైం మార్చు. నిజం టైం రాయి. నువ్వు దిగు."

"నేనా? వద్దు అంకుల్, ఇవాళ నాకు..."

"నా మోకాలు ఇంకోసారి దిగదు. లోయ ఖాళీగా ఎందుకు? నేను ఇక్కడ కూర్చుంటాను. నువ్వు టైంకి రాకపోతే వెతకడానికి మనిషి కావాలి కదా."

భానుప్రసాద్ ఆరు కొట్టేసి నాలుగు అని రాశాడు. ఈసారి చీటీని వైపర్ కింద పెట్టలేదు, ముసలాయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రోజంతా దుప్పి కనపడలేదు. నిజానికి ఆయన పెద్దగా వెతకనూ లేదు, గడియారమే చూసుకున్నాడు. మూడున్నరకే ఉత్త చేతులతో, రొప్పుతూ పైకొచ్చాడు. కిట్టు కారులో గురక పెడుతున్నాడు. యోగేంద్ర మాత్రం పొద్దున కూర్చున్న మడత కుర్చీలోనే, లోయకేసి తిరిగి, బూట్లు విప్పకుండా కూర్చుని ఉన్నాడు.

భానుప్రసాద్‌ని తలనుంచి కాలిదాకా చూసి జేబులోంచి చీటీ తీశాడు.

"వచ్చావు," అని చీటీ ఆయనకిచ్చి, అప్పుడు వంగి బూట్ల తాళ్ళు విప్పుకున్నాడు.