పూలకుండీ వెనుక రాణి

రాణి ఎడివా తన భర్త ఓస్మండ్ రాజుకు ద్రాక్షసారాలో విషం కలిపి చంపిందని మా ఊరు స్టోక్ ఎల్డన్‌లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చర్చి కిటికీ రంగుటద్దాల్లో ఆమె చేతిలో పచ్చని గిన్నె ఉంటుంది. పబ్బు బోర్డు మీద ఆమె కనుబొమలు కొమ్ముల్లా లేచి ఉంటాయి. కింద 'ఓస్మండ్ రాజు విషపానమున మరణించెను, 818' అని బంగారు అక్షరాలు. కిటికీ చేసినవాడూ, బోర్డు గీసినవాడూ ఆమె పోయిన వెయ్యేళ్ళకు పుట్టినవాళ్ళే. అయినా ఇద్దరూ దగ్గరుండి చూసినంత నమ్మకంగా గీశారు.

ఏటా వేసవి జాతరలో, చీటీల్లో పేరు వచ్చిన ఆడమనిషి రాణిగా అట్టకిరీటం పెట్టుకుని కూర్చుంటుంది. ఊరంతా తడి స్పాంజీలతో ఆమెను కొట్టి న్యాయం నెరవేరుస్తుంది. ఆ ఏడు చీటీ అవిస్‌కు వచ్చింది. చలికాలమంతా న్యుమోనియాతో మంచం పట్టి లేచిన మనిషి. తడిస్తే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"ఈసారికి నన్ను వదిలెయ్యి వదినా," అని ఆమె చర్చిలో తన అన్న భార్య బెరిల్‌ను బతిమాలింది. జాతర పెత్తనమంతా బెరిల్‌దే.

"బాగుందమ్మా! మొగుణ్ణి చంపినావిడకి దగ్గొచ్చిందని శిక్ష మానేస్తామా?"

"చంపింది నేను కాదుగా!"

"కిరీటం పెట్టుకున్నాక నువ్వే."

"అయితే ఆ మహాతల్లి సమాధైనా ఒకసారి సరిగ్గా చూడనీ."

"నా కుండీ ముట్టుకోకు!"

మా చర్చిలో పూలు పెట్టే ఆడవాళ్ళలో ఎవరి మూల వారిది. ఒకరి కుండీని మరొకరు కదపడం భర్తకు విషమివ్వడం కంటే ఘోరం. రాణి సమాధి ముందరి చోటు బెరిల్‌ది. అంతకుముందు ఆమె అత్తగారిది, ఆ ముందు ఆవిడ అత్తగారిది. మూడు తరాలుగా ఆ ఇత్తడి కుండీ వెనుక ఏముందో చూసే ధైర్యం ఎవరికీ కలగలేదు.

"మా అమ్మ కుండీయేగా వదినా, నన్నేమీ అనదులే," అంటూ అవిస్ దాన్ని రెండు చేతులా పక్కకు జరిపింది. నేను కుర్చీలు మోయడం ఆపి చూశాను. బూజు తుడవగానే రాతి మీద రాణి పేరు, దాని కింద ఒక సంవత్సరం కనిపించాయి. బెరిల్ కళ్ళద్దాలు సవరించుకుని చదివింది. మళ్ళీ చదివింది.

"స్పాంజీలు నానబెట్టేశామే," అంది చివరికి నీరసంగా. "ఎవరో ఒకరు కూర్చోవాలి కదా!"

"కుండీ ఎవరిదైతే వాళ్ళే," అంటూ అవిస్ అట్టకిరీటాన్ని వదిన నెత్తిన పెట్టింది.

రాతి మీద ఉన్నది ఇంతే: రాణి ఎడివా, మరణం 812. భర్త కంటే ఆరేళ్ళు ముందు.