గ్లాసు అడుగున పేరు

మా ఆఫీసు కళావతి మేడమ్ మెసేజ్ వచ్చేసరికి నేను టీ గ్లాసులు తుడుస్తున్నాను. "రాజేశ్వరీ, పాత ఫోన్లన్నిటిలోనూ పరీక్షించాం. నువ్వు సరిచేసింది పనిచేస్తోంది. రేపు పదకొండుకి వీడియో కాల్‌లో క్లయింటుకి నువ్వే చూపించు." చెయ్యి కొంగుకి తుడుచుకుని మళ్లీ చదివాను. వంటింట్లో ఎవరూ లేరు కాబట్టి గిర్రున ఒక చుట్టు తిరిగాను. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక అలా తిరగడం అదే మొదటిసారి.

మాది చెరకు రైతులు కోత వివరాలు నింపే యాప్. నింపుతుండగా ఎవరైనా ఫోన్ చేస్తే, పాత ఫోన్లు ఆ తెరను చెరిపేస్తాయి. మాట్లాడి వెనక్కి వస్తే అంతా మళ్లీ మొదలై, తెర మునుపటిలాగే కనిపిస్తుంది. బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. మా ప్రోగ్రామ్ ఇంకా పట్టుకుని ఉన్నది పాత తెర మీది బటన్‌ని. అది ఎప్పుడో పోయింది. కళ్ల ముందున్న కొత్తదానికీ దానికీ సంబంధం లేదు.

ఈ ఇంట్లో నేనూ రోజుకు కొన్నిసార్లు మళ్లీ మొదలవుతాను. నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొత్త కోడలిని చూడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. లాప్‌టాప్ మూసి, చీర సర్దుకుని, టీ ఇచ్చి, "ఏటి సదూకున్నావమ్మా" అన్నవాళ్లకి జవాబు చెప్పి వచ్చేసరికి లాప్‌టాప్ బీరువా మీదికి ఎక్కి ఉంటుంది. ఛార్జర్ పీకి మిక్సీ పెట్టి ఉంటారు. ఎక్కడ ఆగానో వెతుక్కుంటాను.

పోయిన వారం చుట్టాలు ఎక్కువై, ఎదురింటి సీతాలుగారి గ్లాసులు అరువు తెచ్చాం. వాళ్లు వెళ్లాక చూస్తే మా గ్లాసులూ అవీ కలిసిపోయాయి. ఏవి ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తుంటే మా అత్తగారు సింహాద్రమ్మ గుమ్మంలోంచే, "అలా సూస్తావేటి? అడుగున పేరుంటాది, బేగి తీసిచ్చీ" అన్నారు. చెక్కిన పేర్లు చదివి వేరు చేస్తుండగా తట్టింది. బటన్‌ని పట్టుకుని కూర్చోవడం ఎందుకు? దాని పేరు దాచుకుంటే చాలు. కొత్త తెర రాగానే ఆ పేరుతో వెతికి మళ్లీ కలుపుకోవచ్చు. రైతు నింపినది మాత్రం విడిగా భద్రపరచాలి. గ్లాసులు అలాగే వదిలేసి గదిలోకి పరుగెత్తాను.

మా పెళ్లికి కొన్న గ్లాసుల మీద 'వాసు' అని ఉంటుంది. వచ్చిన కొత్తలో కడిగినప్పుడల్లా మా ఆయన పేరు మీద బొటనవేలు రాసి నవ్వుకునేదాన్ని. ఇప్పటికీ నవ్వొస్తుంది. యలమంచిలిలో పని ముగించుకుని వస్తూ, చల్లారకుండా బజ్జీల పొట్లం చొక్కాలో దాచుకుని తెచ్చే మనిషి మరి. పాత గిన్నెల మీద మామగారి పేరు, 'సోములు'. గ్లాసులు వేరు చేసిన రోజు అత్తగారి పేరు కూడా వెతికాను. ఒక్క గరిటె మీద కూడా లేదు.

సాయంత్రం వాసు రాగానే మెసేజ్ చూపించాను. "మా రాజీయే" అంటూ ఒక బజ్జీ నా నోట్లో పెట్టాడు.

"రేపు పదకొండుకేటి?" అన్నారు అత్తగారు. "మాకవరపాలెం నుంచి మీ మావయ్యగారి అప్ప, నా పెద్దాడబిడ్డ, వస్తన్నాది. కొత్త కోడలు తలుపేసుకుని కూకుంటే ఏటనుకుంటాది?"

వాసు ఇద్దరినీ చూశాడు. "నాగేంద్ర ఉన్నాడు కదా రాజీ, అతను సూపిస్తాడులే. ఎవరు సూపిస్తే ఏటి, పని నీదే కదా."

నాగేంద్ర మా టీమ్‌లో అబ్బాయి. పోయిన నెలా చుట్టాలొచ్చారని నేను చేసిన పనిని అతనే చూపించాడు. మెచ్చుకుంటూ క్లయింటు రాసిన మెయిల్‌లో అతని పేరొక్కటే ఉంది. తప్పు అతనిది కాదు. వాళ్లకి కనిపించింది అతనే.

బజ్జీ బాగుంది. పూర్తిగా తిన్నాను. తర్వాత తుడిచిన గ్లాసులు ట్రేలో బోర్లించి తెచ్చి వాసు ముందు పెట్టాను. అన్నిటి మీదా అతని పేరు పైకి కనిపిస్తోంది. అత్తగారు ఒక గ్లాసు తీసి, అడుగున పేరు చదివి, మళ్లీ ట్రేలో బోర్లించారు.

"ఇవన్నీ మీవే కదండీ," అన్నాను. "రేపు పదకొండుకి టీ మీరివ్వండి. నేను గదిలో ఉంటాను, తలుపు వేసి."