గంగారాం డ్రాగన్

ఆ రోజు నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. అయినా చెప్పాలి.

2021 నవంబరు. సూరత్‌లోని ఆల్థాన్‌లో చదరంగం టోర్నమెంటు, ఆఖరి రౌండు. డ్రా చేసుకున్నా కప్పు నాదే. ఎదురుగా మాస్కు వేసుకున్న రాజనర్సు, గోడాదరా మరమగ్గాల కార్ఖానాలో కార్మికుడు. నేనేమో బ్యాంకు ఆఫీసర్ని, లక్ష్మీపతి అంటే ఊళ్లో తెలుగువాళ్లకు చదరంగమే గుర్తొస్తుంది. ఇతనెంతలే అనుకున్నాను.

నల్లపావులతో సిసిలియన్ డ్రాగన్ అనే డిఫెన్సు ఎత్తుకున్నాడు. ఆ డిఫెన్సు ఆడేవాడు తన పీక మీదికి తెచ్చుకుంటూనే ఎదుటివాడి పీక పట్టుకుంటాడు. పద్దెనిమిదో ఎత్తులో నా గుర్రం కోసం ఏకంగా ఏనుగునే బలిచ్చాడు. కప్పు చేజారేలా ఉంది.

అప్పుడు చూశాను. ప్రతి ఎత్తుకూ ముందు అతని ఎడమచేతి వేళ్లు బల్లమీద ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. “ఎవరికో సైగలు చేస్తున్నాడు,” అని పోటీ నడిపే ఆర్బిటర్‌ని పిలిచాను. నా వెనక గోడ తప్ప ఇంకేం లేదని నాకు తెలుసు.

రాజనర్సు లేచి నిలబడ్డాడు. “సైగలే సార్. కార్ఖానల మగ్గం సాంచాల సప్పుడుల మాట ఇనవడది. నేను, నా పక్క సాంచ నడిపే గంగారాం ఏండ్ల సంది వేళ్లతోనే ఎత్తులు చెప్పుకుంట ఆడినం. ఈ డ్రాగన్ ఆయనదే. ఏప్రిల్ల కరోనా తీస్కపోయింది. దవాఖాన్ల నుంచి ఫోన్ల ఒక్కటే అడిగిండు, నా ఆటతోని టోర్నమెంటుల ఒక్కపారి గెల్వు అని. చెయ్యి దానంతట అదే ఆడుతది సార్.”

ఆర్బిటర్ జాలిపడ్డాడు గానీ, ఫిర్యాదు వచ్చింది కదా, ఎత్తు వేసేదాకా చేతులు కట్టుకోమన్నాడు. నేను వద్దనలేదు.

అక్కణ్ణుంచి అతనికి ఆట అందలేదు. ఇంకో రెండెత్తుల్లో నా రాజు చిక్కేవాడు. అది కనపడక మంత్రితో చెక్ ఇచ్చాడు. రాజును జరిపాను. మళ్లీ అదే చెక్. అదే స్థితి మూడోసారి రాగానే, నియమం ప్రకారం నేనే డ్రా అడిగి తీసుకున్నాను.

ఇద్దరం బయటికి వచ్చేసరికి గేటు దగ్గర గంగారాం భార్య బుచ్చవ్వ ఎదురుచూస్తోంది. “ఏమాయె నర్సూ?”

“సమానమైంది వదినె. సారు మస్తు గట్టిగ ఆడిండు. అన్న ఆటల తప్పు లేదు, నాకే తోచలె.”

నా ఫిర్యాదు మాటే ఎత్తలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. “గింత పెద్ద సారుతోని సమానమంటే చిన్న ముచ్చటనా!” అంటూ నాకు దండం పెట్టింది.

ఆ దండం నేను భరించలేకపోయాను.

“గెలవాల్సింది మీ ఆయన ఆటేనమ్మా. ఓడిపోతానన్న భయంతో ఇతని చేతులు నేనే కట్టించాను.”