పదిన్నర బస్సు

సుచరిత మేడం ఒక్కకాడ కూర్చునే మనిషి కాదు. ఇరవై ఏండ్లు వృక్షశాస్త్రం చెప్పినన్ని దినాలు బోర్డుకూ కిటికీకీ నడుమ తిరుక్కుంటనే చెప్పింది. జూన్‌లో ఈ సర్కారు డిగ్రీ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చినంక పెద్ద కుర్చీ వచ్చింది గాని, అందుల పట్టుమని పది నిమిషాలు కూర్చున్నది లేదు. ఇల్లు నల్లగొండల. కాలేజీ కట్టంగూర్ దాటి లోపలికి పోయినంక వచ్చే మండల కేంద్రంల. పొద్దున తొమ్మిది కాకముందే కారు దిగేది.

నాలుగు నెలలల్ల ఆమెను అన్నిటికంటె సతాయించింది హాజరు. హాజరు తీసేది తొమ్మిదిన్నర మొదటి పీరియడ్‌లనే; అప్పటికి సగం బెంచీలు ఖాళీగ ఉండేవి. చెప్పి చూసింది, గదమాయించి చూసింది. ఆఖరికి అక్టోబర్‌ల ఒక లిస్టు తీయించింది. ముప్పై ఎనిమిది పేర్లు తేలినయి. ‘హాజరు లేనందున వీరికి పరీక్ష రాసే అనుమతి లేదు’ అని పైన రాయించి, ఊర్ల పేర్లతో సహా నోటీసు బోర్డుకు అంటింపజేసి, ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల గూడ పెట్టించింది.

రెండు దినాలకు పిల్లలందర్నీ వరండా ముందట కూర్చోబెట్టి మాట్లాడింది.

"ఈ ఏడు నాకు మూడు సంగతులు ముఖ్యం. హాజరు, ల్యాబు, రిజల్టు. మొదటిది లేకుంటే తక్కిన రెండూ లేవు. ఇగ మీ ఇబ్బందులేమన్న ఉంటే చెప్పుండ్రి."

పోదామని ఆమె కాయిదాలు మడుస్తుండంగ వెనక వరుసల నుంచి ఒక పిల్ల లేచింది. పేరు రూప. రెండో సంవత్సరం, సైన్సు.

"మేడం, ఆ లిస్టుల నేనూ ఉన్న. మేం ముప్పై ఒక్కరం ఒకటే బస్సుల వస్తం. ఆ బస్సు ఈడికొచ్చేదే పదిన్నరకు. ఇంకో బస్సు లేదు. తొమ్మిదిన్నరకు మేం ఎట్ల రావాలె?"

పక్కన నిలబడ్డ జువాలజీ లెక్చరర్ రాంచందర్ సారు "కూసో కూసో, అందరు జెప్పేదే అది" అన్నడు. పిల్ల కూర్చున్నది. సుచరిత "తర్వాత మాట్లాడుదాం" అని లోపలికి పోయింది.

పోయింది గాని, ఆ మాట ఆమె వెంబడే వచ్చింది. ఫైలు తెరిచింది, మూసింది. తను రోజూ కారుల వచ్చే తొవ్వ తప్ప ఈ మండలంల ఇంకో తొవ్వ ఎరుగదు. ఆ సంగతి ఆమెకు అప్పుడే తోచింది.

తెల్లారి ఎనిమిదింబావుకు కారును రూప వాళ్ల ఊరి బడి ముందట ఆపి, బస్సు ఆగేకాడ నిలబడ్డది. పత్తి ఏరను పోయే ఆడవాళ్లు ఆటో కోసం చూస్తున్నరు. అందుల ఒకామె దగ్గరికి వచ్చి ఎగాదిగా చూసింది.

"నువ్వు మా రూప వాళ్ల పెద్ద మేడమేనా? నేను వాళ్లమ్మను, మైసమ్మను."

"అవునమ్మా."

"పిల్ల ఏమన్న తప్పు జేసిందా?"

"లేదు. ఎట్లొస్తున్నరో చూద్దామని వచ్చిన."

మైసమ్మ నమ్మనట్టు చూసి, "చూడు మరి" అని ఆటో ఎక్కింది.

బస్సు తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. ఫుట్‌బోర్డు దాక మనుషులే. రూప చెయ్యి పట్టి గుంజితే సుచరిత లోపల పడ్డది. కండక్టర్ ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు పైసల్లేకుండ ఇచ్చే జీరో టికెట్ కొట్టి ఇచ్చిండు. ఇంకా ఆరు ఊర్లు తిరగాలె. ఊరూరికి నలుగురైదుగురు పిల్లలు ఎక్కుతున్నరు, ఎక్కినోళ్లు మేడంను చూసి మాట్లాడుడు బంద్ జేస్తున్నరు. డ్రైవర్ బుచ్చయ్య ఒక తాన పరుగెత్తుకొస్తున్న పిల్ల కోసం బస్సు ఆపి మరీ ఎక్కించుకున్నడు. కాలేజీ కాడ దిగేసరికి పది ముప్పై అయిదు.

ఆమె పిల్లల వెంబడే రెండో సంవత్సరం క్లాసు దాక పోయింది. రాంచందర్ సారు బోర్డు దిక్కు తిరిగి బొమ్మ గీస్తున్నడు. అడుగుల చప్పుడు విని, ఎనకకు చూడకుండనే, "లేటుగొచ్చినోళ్లు బయటనే నిలబడుండ్రి" అన్నడు.

సుచరిత నిలబడ్డది. పిల్లలు కిసుక్కున నవ్విన్రు. సారు తిరిగి చూసి చాక్‌పీసు కింద పడేసుకున్నడు.

"సారీ మేడం, మీరని..."

"కానీయండి సార్. పీరియడ్ అయ్యేదాక నిలబడుతం."

పావుగంట నిలబడ్డది. గోడకు ఆనుకున్న పిల్లలు కిటికీల నుంచి వినపడ్డంత నోటుబుక్కుల రాసుకుంటున్నరు. వాళ్లు ఏడాదిన్నర సంది గిట్లనే రాసుకుంటున్నరని రూప మెల్లగ చెప్పింది.

మధ్యాహ్నం స్టాఫ్ మీటింగ్ పెట్టి, కాలేజీ ఇగ పదీ ముప్పావు నుంచి నాలుగుంబావు దాక అన్నది. అందరి మొకాలు మాడినయి. రాంచందర్ సారు లేచిండు.

"మేడం, నేను హైదరాబాద్ నుంచి వస్తున్న. మా అమ్మ మంచాల పడి మూడేండ్లాయె. మూడున్నర బస్సు తప్పితే ఆమెకు ఇంత అన్నం పెట్టేటోళ్లు లేరు. మరి నా ఇబ్బంది ఎవరికి చెప్పుకోవాలె?"

సుచరిత లేచి కిటికీ దాక పోయి వచ్చింది.

"మూడు తర్వాత మీకు క్లాసు వేయను. ఆఖరి గంట నా సబ్జెక్టు పెడ్తం, నేనే చెప్త. టైం మాత్రం మారుతది."

సోమవారం నుంచి మారింది. బస్సు దిగిన పిల్లలు నేరుగ మొదటి పీరియడ్‌కు పోతున్నరు. గేటు కాడ నిలబడి చూసిన సుచరితకు ముప్పై మందే లెక్కకు వచ్చిన్రు.

"ఒకరు తక్కువున్నరు గద, రూపా?"

రూప తల దించుకున్నది. "అండాలు రాదు మేడం. లిస్టు గ్రూపుల పెట్టినంక వాళ్ల నాయిన బంద్ జేసిండు."

ఆ మధ్యాహ్నమే సుచరిత అండాలు వాళ్ల ఊరికి పోయింది. నాయిన గుర్వయ్య పత్తి చేను గట్టు మీద ఉన్నడు. చేనుల నడుం వంచి ఏరుతున్న అండాలు మేడంను చూసి సుత లేవలేదు.

"మీరే రాస్తిరి గద మేడం, రాదని," అన్నడు గుర్వయ్య. గొంతు పెంచలేదు. "ఊరందరి ఫోన్లల్ల నా బిడ్డ పేరు తిరిగింది. పొద్దున పోయి పొద్దుగూకంగ వచ్చే పిల్ల కాలేజీకి రాలేదంటే, మరి ఏడికి పోతాందని అడిగిర్రు. మా పెద్దన్నే అడిగిండు. నేనేం చెప్పాలె?"

హాజరు పట్టీల సున్నా చుట్టేటప్పుడు ఆ సున్నాకు గంత అర్థం ఉంటదని సుచరిత తలవనేలేదు.

"తప్పు నాది," అన్నది.

"నాకు చెప్తే ఏమొస్తది? ఆ గ్రూపుల చెప్పుండ్రి."

ఆమె గట్టు మీదనే నిలబడి ఫోన్ తీసింది. "నేను ప్రిన్సిపాల్ సుచరితను. ఆ లిస్టుల ఉన్న పిల్లలు ఎక్కడికీ పోలేదు. ముప్పై ఒక్కరు రోజూ బస్సుల కాలేజీకి వచ్చిన్రు. టైం పెట్టుడుల తప్పు మాది. లిస్టు పెట్టేదాక అండాలు గూడ రోజూ వచ్చింది. ఆ బస్సు వచ్చేదే పదిన్నరకు, నేను ఎక్కి చూసిన" అని మాట్లాడి గ్రూపుల పెట్టింది. గుర్వయ్య తన ఫోన్‌ల దాన్ని రెండుసార్లు విన్నడు. చేనుల అండాలు నిలబడి వింటాంది. చేతుల పత్తి అట్లనే ఉన్నది.

"చూద్దాం," అన్నడు గుర్వయ్య ఆఖరుకు.

మంగళవారం రాలేదు. బుధవారం గూడ రాలేదు. గురువారం బస్సు దిగినోళ్లల్ల అండాలు ఉన్నది. గేటు కాడున్న మేడం పక్క నుంచే, అటు చూడకుండ నడిచి క్లాసుకు పోయింది.

సుచరిత చెప్పే ఆఖరి గంట పాఠంల అండాలు మూడో బెంచీల కూర్చున్నది. అన్నీ రాసుకున్నది. తల మాత్రం ఒక్కసారి గూడ ఎత్తలేదు.