ఊడని శీల

నేను ఒక శీలను. చెవికమ్మకు వెనకాల, తమ్మె చాటున ఉండేదాన్ని. బంగారు శీలను అనుకునేరు, కాదు. మర తిప్పి బిగించేదాన్ని కూడా కాదు. కమ్మ పుల్లకు ఊరికే నొక్కితే దూరిపోయే ప్లాస్టిక్ బిళ్ళను. మమ్మల్ని మనుషులు తలచుకునేది మేం పోయినప్పుడే. అప్పుడు మాత్రం ఇంటిల్లిపాదీ సెల్‌ఫోన్ లైటు వేసుకుని మంచం కింద పాకుతారు. నేనూ వేళకు ఊడిపోయి ఉంటే ఇవాళ ఇలా తలదించుకునేదాన్ని కాదు.

ఎక్కడో ఒక అచ్చులో నాలాంటివాళ్ళు వేలమందితో కలిసి పుట్టాను. సంచీలో పడి తెనాలిలో ఒక ఫ్యాన్సీ కొట్టుకు చేరాను. అక్కణ్ణించి హైమవతి నన్ను తీసుకుపోయింది. ఆవిడ ఇంట్లోనే మట్టితో కమ్మలు చేసి, కాల్చి, రంగులద్ది అమ్ముతుంది. మంచి పనితనం ఉన్న చెయ్యి, అబద్ధమెందుకు. నెమలిని చేస్తే ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆవిడ ఓపికంతా కమ్మ ముందువైపే అయిపోయేది. వెనక్కి వచ్చేసరికి నాలాంటిదాన్ని ఒకటి నొక్కి ఊరుకునేది.

మర శీలలు వేద్దామా, మమ్మల్నే వేద్దామా అని ఒకసారి ఆలోచించింది లెండి. పరీక్ష పెడదామని ఒక జత తన చెవులకే పెట్టుకుంది. కుడిచెవి నా వంతు వచ్చింది. ఆవిడ తలనిండా నూనె పెట్టుకునే మనిషి. స్నానానికి కూడా కమ్మలు తీయదు. కొబ్బరినూనె, సున్నిపిండి, సబ్బు కలిసి నా బెజ్జంలో పేరుకుని గట్టిపడ్డాయి. దుప్పటి లాగినా, దువ్వెన తగిలినా నేను కదల్లేదంటే అదంతా ఆ మురికి పట్టే, నాది కాదు. "నెలరోజులైంది, ఊడితే ఒట్టు" అని వచ్చినవాళ్ళకల్లా ఆవిడ నన్ను చూపిస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఆవిడ అక్క కూతురు సుమేధ తొలిసారి స్టేజీ ఎక్కి కూచిపూడి ఆడబోతోంది. నేను ఊడలేదన్న నమ్మకంతోనే హైమవతి పిల్లకు పెద్ద నెమలి కమ్మలు చేసి, మా వాళ్ళనే తగిలించింది. నాట్యం నేర్పే శేషుకుమారి టీచరు తెరవెనక వాటిని తడిమి చూసింది.

"దారంతో కూడా కట్టెయ్యండమ్మా. పళ్ళెం మీద ఆడేప్పుడు తల తిప్పుళ్ళు ఎక్కువ."

"అక్కర్లేదండీ. నా చెవులకున్నవీ ఇవే. ఇంతవరకూ ఊడలా," అంది హైమవతి. దారం కనబడితే నెమలి అందం పోతుందని ఆవిడ బాధ.

సుమేధ ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తాళానికి కదులుతూ ముందుకు వచ్చింది. హైమవతీ నేనూ ముందు వరసలో కూర్చున్నాం. ఆ పొద్దునే తలంటుకున్న పిల్ల, కొత్త కమ్మలు. అక్కడ నా తోటిదానికి ఆసరాగా ఏ మురికీ లేదు. మెడ ఒక్క విసురు విసిరేసరికి కమ్మ జారి పళ్ళెంలో పడి ముక్కలైంది. పిల్ల పట్టు తప్పి పళ్ళెంలో కాలేసింది. ఒక ముక్క గుచ్చుకుంది. నేలమీదికి దిగి, కుంటుతూనే ఆట ముగించి, నమస్కారం పెట్టి వెళ్ళింది.

మేం లోపలికి వెళ్ళేసరికి కాలికి గుడ్డ చుట్టుకుంటోంది. చుట్టూ తోటి పిల్లల తల్లులు నిలబడి ఉన్నారు. అందరూ హైమవతి చేత కమ్మలు చేయించుకుందామనుకుంటున్నవాళ్ళే. ఆవిడ వంగి గుడ్డ ముడి బిగించింది. సుమేధే అందుకుంది.

"నేనే తల మరీ గట్టిగా తిప్పాను పిన్నీ."

అది ఆ పిల్ల మంచితనం. కాదమ్మా అనాల్సింది పిన్ని. ఆవిడ తల్లుల వంక ఒకసారి చూసి, "అవునమ్మా, ఈసారి కాస్త మెల్లగా తిప్పు," అంది. విన్న నాకే ఒళ్ళు చచ్చిపోయింది. అప్పుడే ఊడి అందరి ముందూ కిందపడదామని ఎంత గింజుకున్నా నా వల్ల కాలేదు.

గాయం మానాక టీచరు ఇంట్లో మళ్ళీ అభ్యాసం మొదలైంది. సుమేధ చెవులు బోసిగా ఉన్నాయి. పాదం తాళం తప్పడం లేదు, కళ్ళు చక్కగా ఆడుతున్నాయి. మెడ మాత్రం కర్రలా బిగుసుకుపోయింది.

"మెడకేమైందే? తిప్పవేం?" అంది టీచరు.

తల్లుల మధ్య కూర్చున్న పిన్ని వంక చూసి చూపు దించుకుంది సుమేధ.

హైమవతి లేచి పెరట్లోకి వెళ్ళింది. నన్ను లాగితే రాలేదు. గోటితో పెకలించి, కుళాయి కింద రుద్ది కడిగింది. నల్లటి జిడ్డు వేళ్ళకు అంటుకుంది. చెవిలోంచి తీసిన కమ్మ పుల్లకు నన్ను మళ్ళీ నొక్కి ఒక్కసారి విదిలించింది. జారిపోయాను. నన్ను ఏరి అరచేతిలో పెట్టుకుని లోపలికి వచ్చింది. తల్లులందరి ముందూ పిల్ల ఎదుట నిలబడింది.

"తప్పు నీ మెడది కాదమ్మా. నేను వేసిన శీల నాసిది. ఆ రోజు తెలిసీ చెప్పలా."

"సరే పిన్నీ," అంది సుమేధ. నిజంగానే నవ్వింది.

టీచరు మళ్ళీ తాళం అందుకుంది. హైమవతి అరచేతిలోంచి నేను చూస్తూనే ఉన్నాను. పిల్ల పాదం కదిపింది, చూపు తిప్పింది. మెడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే బోసి చెవి మీదికి వెళ్ళింది.