మూడో నీళ్ళకు రెండు రోజుల ముందు

తొంభై ఆరు గుంటల పెట్టెలో ప్లాస్టిక్ టిప్పులు గుచ్చుతూ గుచ్చుతూ రుక్మణి లెక్క తప్పింది. మళ్ళీ మొదటి వరుస నుంచి వేలు పెట్టి చూసుకుంది. విరుదునగర్‌లోని ఈ రక్తపరీక్షల ల్యాబులో ఆమెది పదకొండేళ్ళుగా ఇదే పని. సన్నటి గొట్టాల్లాంటి టిప్పులను ఒక్కొక్కటే పెట్టెలో నిలబెట్టడం, వెండిరేకు కాగితం చుట్టడం, పెద్ద కుక్కరు లాంటి యంత్రంలో ఆవిరికి పెట్టడం, చల్లారాక తీసి అరలో సర్దడం. ఆ టిప్పులతో రక్తాన్ని పీల్చి ఏవేవో కనిపెట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ పేర్లు పత్రికల్లో పడతాయి. రుక్మణి పేరు హాజరు పుస్తకంలో పడుతుంది.

పొట్టి మనిషి. నీళ్ళలో నాని నాని వేళ్ళ చివరలు ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి. మోకాళ్ళు అరిగి మెట్లు పక్కకు తిరిగి దిగుతుంది. అయితే యాభై దాటినా చెంపలు మాత్రం తోమిన ఇత్తడి చెంబులా నున్నగా ఉంటాయి. ఒక్క గుంట లేదు, ఒక్క మచ్చ లేదు. ఆ చెంపలే ఆమెకు మొగుణ్ణి సంపాదించి పెట్టాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఊరికీ తెలుసు.

లెక్క తప్పడానికి కారణం కోవిల్‌పట్టిలోని ఇంట్లో ఉంది. తొమ్మిది రోజుల కిందట ఆమె భర్త గోపాలకృష్ణన్‌కు అమ్మ పోసింది. చెనక్కాయ మిఠాయి చేసేచోట పాకం కాచే మనిషి ఆయన. చిన్నపిల్లలకు వచ్చే ఆటలమ్మ యాభై ఎనిమిదేళ్ళ వయసులో వచ్చి ఒళ్ళంతా పొక్కింది. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. గుమ్మానికి వేపమండలు కట్టారు, వంటలో తాళింపు మానేశారు. ఇక మిగిలింది మనిషిని చూసుకోవడం. వాళ్ళ ఇళ్ళలో దానికొక కట్టుబాటు ఉంది. ఒకసారి అమ్మ పోసి లేచినవాళ్ళే రోగి గదిలోకి వెళ్ళాలి. పోయనివాళ్ళు, కట్టుకున్న పెళ్ళామైనా సరే, గడప ఇవతలే. రుక్మణికి పోయలేదు. ఒక్కగానొక్క కూతురు తిరుత్తంగల్‌లో ఉంది, నిండు చూలాలు, రాకూడదు. అందుకని ఎట్టయాపురం పక్క పల్లె నుంచి గాంధిమతి వచ్చింది.

గాంధిమతి గోపాలకృష్ణన్‌కు మేనమామ కూతురు. వరసకు ఆయన కట్టుకోవలసిన పిల్ల. పెళ్ళి మాటలు అనుకున్న ఏడాదే ఆమెకు అమ్మ పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. అత్త కావలసిన ఆమె వచ్చి చూసి, మంచినీళ్ళైనా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ తర్వాత వెతికి వెతికి రుక్మణిని తెచ్చారు. పెళ్ళిచూపుల్లో రుక్మణి తల్లి, "మా బిడ్డను అమ్మ తాకనే లేదు, చూసుకోండి" అని కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూపించింది. గాంధిమతికి మళ్ళీ సంబంధం కుదరలేదు. చుట్టాల్లో ఏ ఇంట్లో అమ్మ పోసినా ఆమెకు కబురు వెళుతుంది. మిగతా రోజుల్లో ఆమెను పిలిచేవాళ్ళు లేరు.

గెలిచింది రుక్మణే కదా, మరి కడుపుమంట దేనికి? అడిగితే ఆమే చెప్పలేదు. ఆ మంట ఇరవై ఆరేళ్ళ నాటిది. పెళ్ళిలోనో చావులోనో గాంధిమతి ఎదురైతే "అక్కా" అని పిలవాలి, వరస అలాంటిది. పిలిచిన ప్రతిసారీ గొంతులో ముల్లు దిగేది. ఇప్పుడు తొమ్మిది రోజులుగా గోడకు ఇవతల పడుకుని అవతలి మాటలు వింటోంది. "బావా, నోరు తెరువు." "బావా, గోకొద్దు, చెయ్యి ఇట్ల ఇయ్యి." ఇన్నేళ్ళ కాపురంలో రుక్మణి భర్తను ఏమని పిలవాలో తెలియక "ఇదిగో" అంటూనే గడిపింది. ఆ మహాతల్లి మాత్రం బావా బావా అని నోరారా పిలుస్తోంది. ఈ పొద్దున లోపలి నుంచి ఆయన నవ్వు వినిపించింది. ఒంటినిండా పొక్కులున్న మనిషి దేనికి నవ్వాడు? బస్సు సాత్తూరు దాటేదాకా రుక్మణికి అదే ఆలోచన.

తాను చూసుకోలేదు, చూసుకునేదాన్ని చూసి ఓర్వలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెత తనకే అతుకుతుందని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట ఆరుతుందా?

మధ్యాహ్నం మూడింటికి సుధాలక్ష్మి తన గదిలోంచి కేకేసింది. ఆమె ల్యాబులో టెక్నీషియన్. ఆమెదీ తెలుగు ఇల్లే, కాబట్టి తలుపు వేసి ఉంటే ఇద్దరూ ఇంటి మాట మాట్లాడుకుంటారు, తీస్తే తమిళం. ఆటలమ్మ వచ్చి పోయినవాళ్ళ రక్తంలో దాని జ్ఞాపకం ఎన్నేళ్ళు నిలుస్తుందో చూడడం ఆమె పని.

ఆ సంగతంతా ఒకరోజు అన్నం తింటూ రుక్మణికి చెప్పింది. వైరస్ ఒంట్లోకి దిగినప్పుడు దాన్ని గుర్తుపట్టగల టీ కణాలు, అంటే రోగంతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, లక్షలో ఏ ఒకటో ఉంటాయట. ఆ ఒకటి రెండై, నాలుగై, వారం తిరిగేసరికి పెద్ద దండవుతుంది. వైరస్ పట్టిన కణాలను వెతికి వెతికి చంపుతుంది. జ్వరం తగ్గాక ఆ దండులో నూటికి తొంభై పైగా చచ్చిపోతాయి, తిరునాళ్ళు ముగిశాక అంగళ్ళు ఎత్తేసినట్టు. కొన్ని మాత్రం పోవు. అవి మొదటినుంచీ కాస్త వేరేగా పెరుగుతాయట, పోరాటంలో పూర్తిగా ఖర్చైపోకుండా మిగులుతాయట. రక్తంలో, చర్మంలో, ఎముకల మూలుగలో చేరి చప్పుడు చేయకుండా ఉంటాయి. అప్పుడప్పుడూ తమలాంటి ఇంకొకదాన్ని కని సంఖ్య తగ్గకుండా చూసుకుంటాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత అదే వైరస్ మళ్ళీ వస్తే, కొత్తవాటిలా రోజులు తీసుకోవు, గంటల్లో లేస్తాయి.

అంతా విని రుక్మణి అడిగింది ఒకే ప్రశ్న. "ముకమంతా గుంటలు పడినోళ్ళకు ఆ గ్యాపకం జాస్తి ఉంటాదా?" మచ్చకూ దానికీ లెక్క లేదని సుధాలక్ష్మి చెప్పింది. రుక్మణి నమ్మలేదు.

పోల్చి చూడడానికి అమ్మ పోయని మనిషి రక్తం కూడా కావలసి వచ్చింది. అంత వయసులో అలాంటివాళ్ళు దొరకడం కష్టం. రుక్మణి తానే చెయ్యి చాపింది. పోయిన నెల తీసిన ఆ రక్తంలోని కణాలను గడ్డకట్టించి దాచి, నిన్న పరీక్షకు పెట్టారు.

"అక్కా, నీకు అమ్మ పోయలేదంటివి గదా?"

"లేదమ్మా."

"అయితే ఇదేమి?"

తెర మీద గుండ్రటి గుంటలు వరుసగా ఉన్నాయి. వైరస్ ముక్కను చూపిస్తే గుర్తుపట్టి లేచిన ప్రతి కణానికీ గుంట అడుగున ఒక నీలి చుక్క పడుతుంది. చివరి గుంట రుక్మణిది. అది ఖాళీగా ఉండాలి. దాన్నిండా చుక్కలు పొక్కి ఉన్నాయి.

"మా ఇంట్లో ఇప్పుడు పోసిండాదే, దాని గాలి తగిలిందేమో," అంది రుక్మణి.

"నీ రత్తం తీసింది మీ ఆయనకు పోసేదానికి ముందర. ఇవి పాతవి అక్కా. చిన్నప్పుడు ఏమన్నా వచ్చెనా, గ్యాపకం చేసి చూడు."

రుక్మణి గోడకు ఆనుకుంది. తల్లి ఎప్పుడో నవ్వుతూ చెప్పిన మాట గుర్తుకొచ్చింది. "నాకు మూడేళ్ళప్పుడు మా అన్నకు పోసె. నాకు కడుపు మీద రెండు మూడు పొక్కులు లేచెనంట. చెమటకాయలని గంజిపొడి చల్లి ఇడిచిరి. మచ్చ పడలేదు, శరి, అమ్మ పోయలేదనిరి."

"అవే అక్కా. చెమటకాయలు గావు." సుధాలక్ష్మి తెర మూసింది. "నా పరీక్షకు నువ్వు పనికి రావు. పోనీ, మంచిదే గదా, బయం లేకుండా మీ ఆయన్ను చూసుకో."

బస్సులో రుక్మణికి మొదట వచ్చింది సంతోషం. గది తనది. తొమ్మిది రోజులుగా తనదే, ఊరికే ఇంకొకరికి వదిలిపెట్టింది. ఆ గంజి తాను పోసి ఉండవచ్చు, ఆ చెయ్యి తాను పట్టుకుని ఉండవచ్చు, ఆ నవ్వు తన ముందర నవ్వి ఉండవచ్చు. సాత్తూరులో బస్సు ఆగినప్పుడు రెండో ఆలోచన వచ్చింది. ఈ మాట బయటపెడితే పెళ్ళిచూపుల్లో తల్లి అన్న మాట అబద్ధమవుతుంది. అమ్మ గాంధిమతికీ పోసింది, తనకూ పోసింది. ఆమె చర్మం మీద రాసింది, తన చర్మం మీద రాయలేదు, అంతే తేడా. ఆ తేడా చూసి ఒక బతుకును అటు తోసి, ఒక బతుకును ఇటు తెచ్చారు.

చెప్పకపోయినా కొంపేమీ మునగదు. ఇవాళ బుధవారం. శుక్రవారం వేపాకు, పసుపు కలిపి ఒంటికి ఆఖరిదైన మూడో నీళ్ళు పోస్తే అమ్మ దిగిపోయినట్టే, గాంధిమతి తనంతట తానే వెళ్ళిపోతుంది. ఆ నీళ్ళు పోసిన చేతికి కొత్త చీర పెట్టి ఇంటిల్లిపాదీ కాళ్ళకు మొక్కడం వాళ్ళలో ఆనవాయితీ. గాంధిమతి కాళ్ళకు ఎవరైనా మొక్కేది అలాంటి రోజుల్లోనే. రెండు రోజులు ఓపిక పడితే చాలు. కోవిల్‌పట్టి బస్టాండులో దిగేదాకా రుక్మణి ఓపిక పడదామనే అనుకుంది.

ఇంటి గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే లోపలి నుంచి "బావా" అని వినిపించింది. అంతే. తడి కాళ్ళతోనే గది గడప దాటింది.

గాంధిమతి మంచం పక్కన పీట మీద ఉంది. ఎముకలు తేలిన మనిషి, వెలిసిన పచ్చ చీర, నుదుటి నుంచి గడ్డం దాకా గుంటలు. ఉలిక్కిపడి లేచి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "రుక్కూ, రావొద్దు! లోపలికి రావొద్దు!"

"నాకూ పోసిండాది అక్కా. రత్తంలో ఉండాది. ఈ పొద్దు పరీక్షలో తేలె."

"ఎప్పుడు పోసె?"

"మూడేళ్ళప్పుడు."

గాంధిమతి చేతులు దించింది. రుక్మణి చెంపల వైపు చూసింది, ముందు ఒకటి, తర్వాత ఒకటి.

"పెండ్లికి ముందరే," అంది.

అది ప్రశ్న కాదు. గోపాలకృష్ణన్ పొక్కులు ఎండిన రెప్పలు ఎత్తి ఇద్దరినీ చూసి, మళ్ళీ దించుకున్నాడు.

"శరి. చూసుకొనేదానికి ఇంట్లోనే మనిషి ఉండాది. ఇంక నాకేమి పని?" గాంధిమతి గొంతులో కోపం లేదు. దండెం మీది రెండో చీర తీసి సంచిలో పెట్టుకుంది. "మూడో నీళ్ళు నువ్వే పొయ్యి. మడమల దగ్గర ఇంకా పచ్చిగా ఉండాది, మెల్లగా రాయి. పోయ్యొస్తా బావా."

ఉండమని ఒక్క మాట అనవలసింది రుక్మణే. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ మంట దాన్ని అక్కడే నొక్కేసింది. వీధి తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడయింది.

రుక్మణి పీట మీద కూర్చుంది. గది ఇప్పుడు తనది. భర్త చెయ్యి పట్టుకోబోతే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఆరున్నర బస్సు దొరుకునా దానికి?" అన్నాడు గోడతో.

ఆయన మడమలకు మందు రాద్దామని రుక్మణి మంచం కింద చెయ్యి పెట్టి గిన్నె ఇవతలికి లాగింది. అప్పుడే నూరిన వేపాకు పసుపు ముద్ద మీద గాంధిమతి నాలుగు వేళ్ళతో తీసుకున్న గాడి ఇంకా తడిగానే ఉంది.