ఇంట్లో కనుక్కుని చెబుతాను

మాస్టారు తడిగుడ్డతో బోర్డును రెండోసారి తుడిచారు. ఎంత తుడిచినా నిన్నటి అక్షరాలు మసగ్గా మిగిలే ఉన్నాయి. మూడంతస్తులు ఎక్కొచ్చిన మోకాలు ఇంకా సలుపుతోంది. ఇరవై ఏడేళ్లుగా ఇదే గది, ఇవే నాలుగు బెంచీలు. పొద్దున్నే పనుల్లోకి పోయే ముందు వచ్చి ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్లు. మనుషులు మారారు గాని తప్పులు మారలేదు.

బోర్డు మీద మూడు మాటలు వరసగా రాశారు.

"బిగిన్ అంటే మొదలుపెట్టడం. బిగాన్ అంటే మొదలుపెట్టేశాం, నిన్నటి మాట. మూడోది బిగన్. అది ఒంటరిగా నిలబడదు, పక్కన 'హావ్' తోడుండాలి. ఐ హావ్ బిగన్."

"అచ్చం మా ఆయనలాగే మాస్టారూ! పక్కన నేను లేకపోతే గడప దాటడు," అంది ఇస్త్రీ కొట్టావిడ. గదంతా గొల్లుమంది.

"మరి స్టార్ట్ అన్నా అదేగా?" లిఫ్టు మెకానిక్ అడిగాడు.

"చాలాచోట్ల అదే. కాని బండి స్టార్ట్ అవుతుంది, బిగిన్ అవదు."

ఈ మాట ఎన్ని వందలసార్లు చెప్పారో. నోరు దాని మానాన అది చెప్పుకుపోతుంటే, ఆయన ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు చూస్తూ నిలబడ్డారు.

అందరూ వెళ్లిపోయినా ఇస్త్రీ కొట్టావిడ ఉండిపోయింది. పదకొండింటికి ఆమెను ఆసుపత్రిలో బట్టలుతికే విభాగం వాళ్లు రమ్మన్నారు. అక్కడి పెద్దావిడకు ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదట.

"చివర్లో ఇది తప్పకుండా అడుగుతారు. వెన్ కెన్ యూ బిగిన్?"

"ఐ బిగన్ టుమారో."

"కాదమ్మా. ఐ కెన్ బిగిన్ టుమారో. 'కెన్' పక్కన మాట మారదు."

పదిసార్లు చెప్పించేసరికి మాస్టారి గొంతు బొంగురుపోయింది. ఆవిడ ముంజేతుల మీద కాలిన మచ్చలు చూసి, మరోసారి చెప్పించారు.

"మిమ్మల్నెవరైనా ఇలా అడిగారా మాస్టారూ?"

"అడిగారు. అప్పుడు నాకు ఇరవై నాలుగు. దూరదేశంలో, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. ఇంట్లో కనుక్కుని చెబుతానన్నాను."

"కనుక్కున్నారా?"

"ఇంటికెళ్లేసరికి మా నాన్నకు పక్షవాతం. వెళ్లమనడానికైనా, వద్దనడానికైనా ఆయనకు మాట ఉంటేగా! 'నీళ్లు' అనడం నేర్పడానికే ఆర్నెల్లు పట్టింది." ఆయన సుద్దముక్క డబ్బాలో పడేశారు. "నా మొదటి విద్యార్థి ఆయనే. తొమ్మిదేళ్లు చదివాడు. ఇక బయల్దేరు, ఆలస్యమవుతుంది."

ఆవిడ వెళ్లాక, పొద్దున క్లాసులో రాయించిన కాగితాలు ముందేసుకున్నారు. ఎవరూ 'హావ్' రాయలేదు. నాలుగు దిద్దాక అన్నం క్యారియరు విప్పి రెండు ముద్దలు తిన్నారు, సహించలేదు. ఎడమ చెయ్యి లాగుతోంది. కమ్మీ పట్టుకుని మెట్లెక్కడం వల్లే అనుకున్నారు. ఐదు నిమిషాలు చాలు అనుకుంటూ, బల్ల మీద చేతులు మడిచి తల ఆన్చారు.

మూడు గంటలప్పుడు ఆవిడ రెండేసి మెట్లెక్కుతూ వచ్చింది.

"మాస్టారూ, రేపట్నుంచే..."

నిద్రపోతున్నారు. మాట మింగేసుకుని ముందు బెంచీ మీద కూర్చుంది. పొద్దున్న తనతో అరిచి అరిచి అలిసిపోయారు, పాపం. లేచాక చెప్పొచ్చు. ఫ్యాను గాలికి దిద్దిన కాగితాలు ఒక్కొక్కటే జారి నేల మీద పడుతున్నాయి. ఒక్క కాగితం ఎగిరినా మాస్టారు ఊరుకోరు. అన్నీ ఏరి, ఆయన మోచేతి కింద పెట్టబోయింది.

మోచెయ్యి చల్లగా ఉంది.

కేకెయ్యాలనిపించలేదు. పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"తప్పు పోలేదు మాస్టారూ. మీరు చెప్పినట్టే అన్నాను. ఆ పెద్దావిడ నవ్వింది కూడా."

తర్వాత కింద ఎవరినైనా పిలుద్దామని లేచింది. గుమ్మం బయట ఆయన చెప్పులున్నాయి. ఒకదానికి కొత్తగా కుట్టించిన పట్టీ, దారం కొస ఇంకా కత్తిరించలేదు.